నాలుగో నంబరు పాట

మా మావయ్య గడ్డం గీసుకుంటున్నాడంటే పది పాటల పేర్లు వినపడాల్సిందే. పాడడు, పేర్లు మాత్రం చెబుతాడు. కుడి చెంప మీద పదో నంబరు నుంచి ఆరు దాకా, ఎడమ చెంప మీద అయిదు నుంచి రెండు దాకా. ఒకటో నంబరు పాట పైపెదవికి. అద్దానికి ఎదురుగా గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్లో పాత నోటుపుస్తకం తెరిచి అత్తయ్య కూర్చుంటుంది. ఏడాదీ వారమూ ఆవిడ చెబుతుంది. పాటలు ఆయన చెబుతాడు.

"ఎనభై మూడు, మార్చి రెండో వారం."

"పది, గాజు మెట్లు. తొమ్మిది, మంగళవారం మాట. ఎనిమిది, ఆ అక్కచెల్లెళ్లిద్దరూ పాడింది, తడిసిన గొడుగు. అప్పటికే దిగిపోతోంది పాపం."

"పాపం సంగతి తర్వాత. చూసుకోండి, చెంప తెగుతుంది."

ఎనభైల్లో మావయ్య ఒక రికార్డుల షాపులో పనిచేశాడు. శుక్రవారం సాయంత్రం రేడియోలో ఆ వారం పది పాటల జాబితా చదివేవారు. శనివారం పొద్దున్నే షాపు తలుపు పక్కనున్న నల్లబోర్డు మీద దాన్ని రాయడం మావయ్య పని. బస్సు దిగినవాళ్లు బోర్డు ముందు ఆగి, తమ పాట ఎక్కితే ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారట, దిగితే మావయ్యను తిట్టేవారట. ఎప్పుడు చూసినా చేతులకు తెల్లపొడి అంటుకుని ఉండేది కాబట్టి షాపులో ఆయన పేరు సుద్దముక్క. నిజం డప్పు వాయించేవాళ్లు పోయి యంత్రం డప్పు వచ్చిన కాలమది. ప్రతి పాటా అటక మీంచి గిన్నెలు దొర్లినట్టు మొదలయ్యేదని అత్తయ్య అంటుంది. మావయ్య ఒప్పుకోడు.

అత్తయ్య ఒళ్లోని నోటుపుస్తకం మా అమ్మది. మావయ్యకు చెల్లెలు. ఆ రోజుల్లో అమ్మ వేరే ఊళ్లో, తాతయ్య ఇంట్లో ఉండేది. ప్రతి శుక్రవారం రేడియోకి క్యాసెట్ రికార్డరు ఆనించి, రెండు వేళ్లు మీటల మీద పెట్టి, పాట మొదట్లో మాట్లాడే అనౌన్సరును తిట్టుకుంటూ పాటలు పట్టేది. జాబితాను నీలం సిరాతో పుస్తకంలో రాసుకునేది. ఏడేళ్ల పాటు ఒక్క వారం తప్పలేదు. జ్వరం వచ్చిన వారం కూడా రాసింది, అక్షరాలు కాస్త వంకరపోయాయి అంతే.

రికార్డుల కాలం పోయింది, షాపులో చెప్పులు అమ్మడం మొదలుపెట్టారు. మావయ్య మందుల పని నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఒకే మందుల షాపులో, రెండో కౌంటర్ దగ్గర. డాక్టర్ల రాత ఆయన చదివినంత తేలిగ్గా ఇంకెవరూ చదవలేరు.

గడ్డం దగ్గర పాటల పట్టీ సరదాకి మొదలైంది కాదు. తాతయ్యకు అరవై దాటాక మరుపు వచ్చింది. ఒకరోజు తలుపు తీసి కన్నకొడుకుని "ఎవరు కావాలండీ?" అని మర్యాదగా అడిగాడు. ఎప్పుడూ లేని మేడమెట్ల గురించి, అక్కడ కూర్చుని తిన్న జామకాయల గురించి చెప్పేవాడు. అందుకని తనకు అరవై నిండిన రోజు మావయ్య ఒక నియమం పెట్టుకున్నాడు: రోజూ ఒక వారం జాబితా అప్పజెప్పాలి, ఏ రోజు తప్పితే ఆ రోజు నుంచి మందుల కౌంటర్ దగ్గర నిలబడకూడదు. ఒక మందుకి బదులు ఇంకో మందు చేతిలో పెడితే పోయేది ఎవరి ప్రాణమో తెలియదు కదా.

ఇప్పుడంటే నవ్వుతూ చెప్పుకుంటున్నాం గానీ, జాబితా తప్పిన రోజు వాళ్లింట్లో గాలి ఆడలేదు.

"ఎనభై ఆరు, సెప్టెంబరు మూడో వారం," అంది అత్తయ్య.

ఎడమ చెంప మీదకి వచ్చాక మావయ్య, "అయిదు, రెండో అంతస్తు. నాలుగు, ఉప్పుగాలి," అన్నాడు.

అత్తయ్య ఒక్క క్షణం ఆగి, "ఆఁ, సరిపోయింది," అంది.

ఆవిడకు అబద్ధమాడటం చేతకాదు. పుస్తకంలో నాలుగో గీత మీద ఆగిపోయిన ఆవిడ వేలు మావయ్యకు అద్దంలో కనపడింది. సగం నురగతోనే వచ్చి పుస్తకం తీసుకున్నాడు. నాలుగో చోట 'టెలిఫోను ఎదురుగా' అని ఉంది. పక్క వారం తిప్పాడు. ఆ పక్క వారం తిప్పాడు. ఆయనకు అయిదు వారాలు వరసగా నాలుగో చోట 'ఉప్పుగాలి'యే గుర్తుంది. పుస్తకం మొత్తంలో ఆ పాట ఎక్కడా లేదు.

"పోనిద్దురూ, నలభై ఏళ్లనాటి పాట! నాకు నిన్న వండిందే గుర్తులేదు."

"నువ్వు మందులివ్వవుగా," అన్నాడు మావయ్య. "మర్చిపోతే సర్దుకుందును. ఇది మర్చిపోవడం కాదు. లేనిదాన్ని ఉందనుకుంటున్నాను. నాన్న మేడమెట్లలాగా."

మొహం కడుక్కుని మందుల షాపు యజమానురాలికి ఫోన్ చేశాడు. ఆవిడ ఆయన కంటే నాలుగేళ్లు చిన్న. ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది.

"రాలేనమ్మా. ఇక రానేమో కూడా."

"జలుబా అన్నయ్యగారూ?"

"జలుబైతే బాగుండేది," అని పెట్టేశాడు.

మతిమరుపు చూసే డాక్టరు దగ్గర తొమ్మిది రోజుల తర్వాత గానీ ఖాళీ దొరకలేదు. ఈ లోపు ఎవరికీ చెప్పొద్దని, ముఖ్యంగా చెల్లెలికి చెప్పొద్దని అత్తయ్య దగ్గర మాట తీసుకున్నాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. మూడో రోజు చొక్కా ఉతకబోతూ అత్తయ్య జేబులో చెయ్యి పెడితే ఒక చీటీ దొరికింది. అందులో ఆయన పేరు, ఇంటి అడ్రసు, అత్తయ్య ఫోన్ నంబరు, కింద 'దయచేసి ఈ నంబరుకి కబురు చేయండి' అని గుండ్రంటి అక్షరాల్లో రాసి ఉంది. అత్తయ్య కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది.

నాలుగో రోజు సాయంత్రం యజమానురాలే వచ్చింది. చేతిలో మందుల చీటీల కట్ట. కూర్చోకముందే మొదలుపెట్టింది.

"ఇవి మీరే చదవాలి. చీమను సిరాలో ముంచి వదిలినట్టున్నాయి. నాలుగు రోజుల్నుంచి డాక్టర్లకు ఫోన్లు చేసి చేసి నా గొంతు పోయింది. అసలు ఏమైంది మీకు?"

మావయ్య కాసేపు నసిగి, అంతా చెప్పేశాడు. పాట పేరు వినగానే ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి.

"ఉప్పుగాలా? ఆ నాలుగో నంబరు పాటేనా?"

మావయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆ బస్టాపు ఎదుటి షాపులోనేగా? బోర్డు చూసి కొని మోసపోయిందాన్ని నేను! నాలుగో నంబరంటే అద్భుతంగా ఉంటుందని కొన్నా. తుప్పుపట్టిన తలుపు కిర్రుమన్నట్టుంది ఆ పాట. ఊరంతా మెచ్చింది నాకొక్కదానికే నచ్చట్లేదేంటని ఇరవైసార్లు విన్నా అన్నయ్యగారూ. నా చెవుల్లోనే ఏదో లోపం ఉందనుకున్నా. అప్పట్నుంచి ఎవరైనా ఏ పాట బాగుందా అని అడిగితే మాట మార్చేస్తాను."

"ఉండమ్మా," అంది అత్తయ్య లేచి నిలబడి. "ఆ రికార్డు ఇంకా ఉందా?"

ఉంది. రెండు వీధుల అవతలే ఆవిడ ఇల్లు. అరగంటలో తెచ్చింది. అట్ట మీద ఒక కాగితం ముక్క అంటించి ఉంది: 'ఈ వారం నాలుగో స్థానం.' కింద తేదీ, ఎనభై ఆరు సెప్టెంబరు. చొక్కా జేబులో చీటీ రాసిన చెయ్యే, అవే గుండ్రంటి అక్షరాలు.

మావయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "ఓరి మా ఓనరూ!" అన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. రికార్డుల షాపు ఓనరు ఉప్పుగాలి రికార్డులు ముప్పై తెప్పించబోయి, ఒక సున్నా ఎక్కువ వేసి మూడు వందలు తెప్పించాడు. ఒక్కటీ కదల్లేదు. అరల్లో చోటు లేక మెట్ల కింద, కుర్చీల కింద అవే. ఒక శనివారం వచ్చి, "ఒరేయ్ సుద్దముక్కా, నాలుగో పాట చెరిపేసి ఇది రాయి. రేడియో వాళ్లొచ్చి చూస్తారా ఏంటి?" అన్నాడు. మావయ్య రాశాడు.

"మొదటి శనివారం రాయడానికి మనసొప్పలేదమ్మా," అన్నాడు యజమానురాలితో. "రెండో వారానికి అలవాటైంది. అయిదో వారానికి అది నాకు నిజంగానే నాలుగో పాటైపోయింది. చెప్పుకోవడానికి సిగ్గేసి ఓనరు మాట ఎక్కడో పారేసుకున్నట్టున్నాను. బోర్డు మాత్రం మిగిలింది. నన్ను క్షమించు."

"క్షమించను. నలభై ఏళ్లు నా చెవుల పరువు తీశారు. రేపు తొమ్మిదింటికి షాపుకి రండి."

అత్తయ్య అప్పటికే నవ్వుతోంది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కుర్చీలో జారగిలబడిపోయింది.

మావయ్య మాత్రం మర్నాడు వెళ్లలేదు. డాక్టరుకి చూపించుకున్నాకే వస్తానన్నాడు. అయిదు రోజులాగి చూపించుకున్నాడు. ఆ డాక్టరమ్మ అయిదు మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్లీ చెప్పమంది. చెప్పాడు. గడియారం బొమ్మ వేయమంటే సెకన్ల ముల్లుతో సహా వేశాడు. "మీ వయసుకి ఎంత మరుపు ఉండాలో అంతే ఉంది," అని ఆవిడ రాసిచ్చిన కాగితాన్ని అత్తయ్య ఆటోలో మూడుసార్లు చదివింది.

ఆ రోజే అమ్మకు ఫోన్ చేశారు. సంగతంతా విని అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"నాకెందుకు చెప్పలేదు? నా పుస్తకం పక్కన పెట్టుకుని నీ బుర్రను అనుమానిస్తావా అన్నయ్యా? నన్నడిగుంటే నీ బోర్డును అనుమానించమనేదాన్ని!"

"తప్పయిపోయింది చెల్లీ."

"ఆ రికార్డు వినాలి నేను. అంత ఘోరంగా ఉంటుందా?"

"నేనూ ఇంతవరకూ పూర్తిగా వినలేదు," అన్నాడు మావయ్య.

అమ్మ అనుమతి తీసుకుని, పుస్తకంలో ఆ అయిదు వారాల పక్కనా అత్తయ్య పెన్సిల్‌తో 'బోర్డు మీద: ఉప్పుగాలి' అని రాసింది. జేబులో దొరికిన చీటీని ఆ పేజీలోనే పెట్టింది.

మావయ్యకు ఇప్పుడు అరవై రెండేళ్లు. ఆదివారం తప్ప రోజూ పొద్దున్న తొమ్మిదింటికి మందుల షాపులో రెండో కౌంటర్ దగ్గర ఉంటాడు.