అరుగు మీది కత్తెర

మా వీధి మలుపులో ఒక ఇస్త్రీ బండి ఉంది. పొద్దున్నే నడకకు వెళ్లి వస్తూ దాని పక్కన కాసేపు నిలబడతాను. బండివాడు చొక్కా మీద నీళ్లు చిలకరించి, బొగ్గుల పెట్టె పెట్టి ఒక్క లాగు లాగుతాడు. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. తడి నూలుగుడ్డ వేడెక్కిన ఆ వాసన కోసమే నా నడకంతా అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. నిజమే మరి. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను ప్రొద్దుటూరులో వల్లీ సాయిబు కుట్టు అంగడిలో ఉంటాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మాది లింగాల దగ్గర పల్లె, ఇంటినిండా గొర్రెలు. నాకేమో సూదీ దారం పిచ్చి. మగపిల్లాడు రవికలు కుట్టడమేమిటని మా నాయన ముఖం మాడ్చుకున్నా, నేను మూటాముల్లె సర్దుకుని ప్రొద్దుటూరు చేరాను. వల్లీ సాయిబు పొట్టి మనిషి. మెడలో టేపు, చెవి సందున సుద్దముక్క. వంకర కుట్టు కనబడితే తిట్టడు, విప్పదీసి మన ఒళ్లో పెట్టి పోతాడు. తిట్టినా బాగుండేది. ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. కుట్టిన బట్టతో పాటు కత్తిరింపు ముక్కలన్నీ మూటగట్టి తిరిగి ఇవ్వాలి, వేలెడు పీలికైనా సరే. ఇంకొకటి, గుడ్డ తీసుకునేటప్పుడు కొలవకూడదు. కొలిస్తే ఇచ్చినవాళ్లను అనుమానించినట్టట. కొన్నాళ్లు మిషన్ తొక్కించాక నా చేతికి కత్తెర ఇస్తూ, “మిషన్ ఎవురన్నా తొక్కుతారప్పా, జనం నమ్మేది కత్తెరను” అన్నాడు. ఆ రోజు నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం.

జమ్మలమడుగు నుంచి ఈశ్వరమ్మ అనే ఆమె కూతురి పెళ్లికి ఆకుపచ్చ సాటిన్ గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఇంట్లో ఆడపిల్లలందరికీ ఒకే రంగు రవికలు కావాలంది. పెళ్లికూతురిది తీరిగ్గా, ముద్దుగా కుడదామని చివరికి పెట్టుకోవడం నా అతితెలివి. తీరా ఆ రవికకు గుడ్డ చాలలేదు. ఎన్నిసార్లు మడిచినా, ఎటు తిప్పినా చాలలేదు. సాయిబు పట్టింపు ప్రకారం మేము ముందుగా కొలుచుకోలేదు కదా, ఎంత వచ్చిందో మాకే తెలియదు. రవికలు తీసుకుపోవడానికి వచ్చిన ఈశ్వరమ్మ ఆ మాట వినగానే నన్ను ఎగాదిగా చూసింది. అంగడి నిండా మనుషులు ఉన్నారు. “గుడ్డకేమన్నా కాళ్లొచ్చినాయా? కత్తెర పట్టినోడినే అడుగు సాయిబూ” అంది.

సాయిబు ఆమెతో వాదించలేదు. మావాడు అటువంటివాడు కాదని ఒక్క మాట నెమ్మదిగా చెప్పి, చెప్పులేసుకుని బజారుకు వెళ్లి అదే రంగు సాటిన్ వెతికి తెచ్చాడు. స్వయంగా కుట్టి ఇచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గుడ్డ తెచ్చి ఇచ్చామంటే దొంగతనం ఒప్పుకున్నట్టే కదా అని ఆయన మీదే ఎగిరాను. ఆయన దారం కొరుకుతూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

“ఆ బిడ్డ రవికకు ముహూర్తముండాది. నీ న్యాయానికి ముహూర్తం లేదప్పా, అది ఎప్పుడొచ్చినా పనికొస్తాది.”

ఆ న్యాయమేమో వచ్చే జాడ లేదు. ఊళ్లో మాట పాకింది. గుడ్డ తెచ్చినవాళ్లు సాయిబు చెవిలో ఏదో చెప్పి, నా వైపు ఓరగా చూసి పోయేవాళ్లు. జనం నమ్మేది కత్తెరనైతే, నాకు పోయిందీ ఆ కత్తెరే అనిపించి, పెట్టె సర్దుకున్నాను. గొర్రెలు మనల్ని అనుమానించవు కదా. “యాడికి పోతాండావు?” అన్నాడు సాయిబు. ఊరికి, అన్నాను. ఆయన నా పెట్టె ముట్టుకోలేదు. లోపలికి పోయి, గుడ్డ కత్తిరించే పెద్దబల్లను ఒక పక్క పట్టుకుని, రెండో పక్క నన్ను పట్టమన్నాడు. ఇద్దరం దాన్ని మోసుకొచ్చి వీధి అరుగు మీద వేశాం.

“ఈడ కూచోని కత్తిరించు. నేను దొంగను కానని మాత్రం ఎవురికీ చెప్పాకు. చెప్పేకొద్దీ వాళ్లకు శానా అనుమానమొస్తాది. ఊరికే పని చెయ్, చూసేటోళ్లు చూస్తారు.”

చూశారు. చూడటమేమిటి, తిరునాళ్ల చేశారు. సంతకు పోయే ఆడవాళ్లు బుట్టలు దించి మరీ చూసేవాళ్లు. చంక దగ్గర ఇంకొంచెం వదలమని ఒకామె, మెడ అంత దిగువకు వద్దని ఇంకొకామె సలహాలు. మొదట సిగ్గుతో చచ్చిపోయాను. మెల్లగా అది నాకు సరదా అయింది. కత్తిరింపు ముక్కలను మూటగట్టి ఇవ్వడానికి బదులు, వాటన్నిటినీ అతికి చంటిపిల్లలకు కుల్లాయిలు కుట్టి బట్టలతో పాటు ఇవ్వడం మొదలుపెట్టాను. ప్రతి పీలికా కళ్ల ముందే కనబడేది. కొన్నాళ్లకు ప్రొద్దుటూరు వీధుల్లో రంగురంగుల కుల్లాయిలు పెట్టుకున్న పసివాళ్లను చూసి, వీడి నెత్తిన ఫలానావాళ్ల రవిక ఉందని నేనూ సాయిబూ లోలోపల నవ్వుకునేవాళ్లం. ఎవరూ నన్ను మంచివాడినని ప్రకటించలేదు. ఒక రోజు ఒకామె వచ్చి, అరుగు మీద అబ్బాయే కత్తిరించాలని సాయిబుకు గట్టిగా చెప్పి పోయింది. ఆయన నా వైపు చూడకుండా సుద్దముక్క నా ముందుకు దొర్లించాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఈశ్వరమ్మ వచ్చింది. వెంట ఆమె అత్త, పులివెందుల ముసలావిడ. ముసలావిడ చేతిలో పసుపు మరకల ఆకుపచ్చ సాటిన్ ముక్క, కొబ్బరికాయంత గుండ్రంగా ముడతలు పడి ఉంది. మనవరాలి పెళ్లి నిర్విఘ్నంగా జరగాలని ఆవిడ బ్రహ్మంగారిమఠానికి మొక్కుకుని, కొబ్బరికాయకు ముడుపు కట్టిందట. మొక్కు తీరేదాకా బయటికి చెప్పకూడదని ఎవరికీ చెప్పలేదు. పెళ్లి సందడిలో నా మీద పడిన నింద ఆవిడకూ ఎవరూ చెప్పలేదు. మఠానికి వెళ్లి ముడుపు విప్పినప్పుడు కోడలు ఆ గుడ్డను గుర్తుపట్టింది.

“నేనే చింపినా నాయనా, గుడ్డ మీ అంగడికి రాకముందే” అంది ముసలావిడ, ఏమాత్రం బెదరకుండా. “వేరే గుడ్డలో కడితే అది ఎవురి పెండ్లో సామికెట్ల తెలుస్తాది?”

సాయిబు నవ్వు మొదలుపెట్టాడు. కళ్ల నీళ్లు కారేదాకా, మెడలోని టేపుతో తుడుచుకునేదాకా నవ్వాడు. ముసలావిడా నవ్వింది. ఈశ్వరమ్మ మాత్రం నవ్వలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని, అరుగు మీద నిలబడి, పోయేవాళ్లను ఆపి మరీ ముడుపు కథంతా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. చివరికి ఆ సాటిన్ ముక్కను బల్ల మీద పరిచి, కూతురికి నెల తప్పిందని, పుట్టబోయే బిడ్డకు కుల్లాయి నేనే కుట్టాలని అడిగింది. అంత జాగ్రత్తగా నేను మరే గుడ్డా కత్తిరించలేదు.

మరునాడు సాయిబు, ఇక బల్లను లోపల వేద్దామా అని అడిగాడు. గాలి బాగుంది, ఇక్కడే ఉండనీ మామా, అన్నాను.

నా సొంత అంగట్లోనూ కత్తిరించే బల్ల వీధివైపే ఉంది. ఇన్నేళ్లలో గుడ్డ తక్కువైందని గొడవకు వచ్చినవాళ్లు అప్పుడప్పుడు తగులుతూనే ఉన్నారు. మా కుర్రవాళ్లకు కోపం వస్తుంది, నాకూ వస్తుంది. అయినా నా నోట ముందుగా వచ్చే మాట ఒకటే: “ముహూర్తం ఎప్పుడమ్మా?”