వేలికీ తెరకూ మధ్య

అత్తిముగం నుంచి హోసూరుకు కంపెనీ బస్సు తెల్లవారకముందే బయల్దేరుతుంది. తొమ్మిదేళ్లుగా మంజుశ్రీకి ఆ బస్సు తప్పింది లేదు. సెల్‌ఫోన్లు తయారుచేసే చోట ఆమెది పరీక్షించే పని. బెల్టు మీద వచ్చే ప్రతి ఫోనునూ చేతిలోకి తీసుకుని, తెర మీద మచ్చ ఉందా, వేలు తాకగానే పలుకుతోందా అని చూసి పంపాలి. ముప్పై ఒక్కేళ్ల మనిషి, మాట తక్కువ. తండ్రి పోయాక టమాటా తోటను తల్లి మునిలక్ష్మమ్మ చూసుకుంటూ ఉంటే, బయటి వ్యవహారమంతా ఈమె మీదే పడింది.

ఏడు నెలల కిందట తమ్ముడు లోహిత్ కుడిచెయ్యి, వాడు పనిచేసే ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు కింద పడింది. బొటనవేలితో కలిపి మూడు వేళ్లు నలిగిపోయాయి. డాక్టర్లు వేళ్లను నిలబెట్టారు గాని, కదలిక తెచ్చుకోవడం నీ వంతేనన్నారు. కృష్ణగిరిలో వ్యాయామం నేర్పే డాక్టరమ్మ రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. రెండు వారాలకే అతనికి విసుగొచ్చింది. అప్పుడామె, గేములు ఇష్టమైతే రోజూ గంటసేపు కంట్రోలర్ పట్టుకుని ఆడు, వేళ్లకు అదే వ్యాయామమని చెప్పింది. స్నేహితుడు గోపీచంద్ తన పాత గేమ్ బాక్సు తెచ్చి ఇంటి టీవీకి తగిలించిచ్చాడు.

ఆట చిన్నదే. తెర మీద ఒక నక్క పరుగెత్తుతుంది. గుంత రాగానే బటన్ నొక్కితే దూకుతుంది. లోహిత్ నక్క మొదటి నాలుగు గుంతలూ ఎలాగో దాటి, ఐదో గుంతలో పడేది. వేగం పెరిగేది అక్కడే. నెల రోజులు ఆడినా ఆరో గుంత ముఖం చూడలేదు. ఒక ఆదివారం కంట్రోలర్‌ను మంచం మీదికి విసిరేశాడు.

"నా వేళ్లు నా మాట వినవక్కా. నొక్కాలనుకుంటే ఎప్పుడో కదులుతుండాయి."

ఆ తరువాత కృష్ణగిరికి పోవడం మానేశాడు. ఎవరైనా ఇంటికొస్తే కుడిచెయ్యి ప్యాంటు జేబులో దాచుకునేవాడు. ఇరవై ఆరేళ్లవాడు రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటే మునిలక్ష్మమ్మకు అన్నం దిగేది కాదు.

మంజుశ్రీకి మాత్రం ఒకటి మనసులో ముల్లులా ఉండిపోయింది. వాడు ఆడేటప్పుడు ఆమె చూసింది తెరను కాదు, వాడి బొటనవేలిని. వేలు దిగిన కాసేపటికి గాని నక్క కదలలేదు. కంపెనీలో పక్క సీటు నేత్రతో అంటే ఆమె చెప్పింది: కొన్ని టీవీలు బొమ్మను నున్నగా దిద్ది చూపడానికి కాస్త సమయం తీసుకుంటాయి, సినిమాకైతే తెలియదు, ఆటకు తెలుస్తుంది. గేమ్ మోడ్ ఉన్న టీవీల్లో ఆ దిద్దుడు ఆపేయొచ్చు.

ఇంటి టీవీలో అలాంటి మోడ్ ఏదీ లేదు. మంజుశ్రీ ఫోనును వేలూ తెరా రెండూ కనపడేట్టు నిలబెట్టి, సెకనుకు రెండు వందల నలభై బొమ్మలు తీసే స్లోమోషన్ పెట్టి, తన వేలితోనే బటన్ నొక్కింది. వీడియోను ఒక్కో బొమ్మే జరుపుతూ లెక్కపెట్టింది. నొక్కినప్పటి నుంచి నక్క కాళ్లు లేచేదాకా నలభై ఒక్క బొమ్మలు.

"ఇది నా వేలురా. దీనికేం దెబ్బ తగల్లేదు. దీనికీ నలభై ఒకటే."

లోహిత్ ఫోనువైపు చూడనైనా చూడలేదు. "నన్ను ఊరడించేదానికి చెప్తుండావు."

"ఊరడించేదైతే లెక్కపెడుదునా? శనివారం హోసూరుకు రా. కొత్త టీవీ నువ్వే ఆడి చూసి తీసుకో."

"ఆడ కూడా పడితే?"

ఇప్పటిదాకా తప్పు టీవీదేమో అనే ఆశైనా మిగిలి ఉంది. మంచి టీవీ ముందు కూడా నక్క పడిందంటే ఆ ఆశ ఉండదు. ఆ వారమంతా బెల్టు ముందు కూర్చున్నా ఆమె మనసు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

శనివారం తల్లితో కలిసి ముగ్గురూ వెళ్లారు. లోహిత్ చెయ్యి జేబులోనే ఉంది. గేమ్ బాక్సును మంజుశ్రీ చేతిసంచిలో మోసుకొచ్చింది. ఇరవై ఐదు వేలు దాటకూడదని బయల్దేరేముందే అనుకున్నారు. షాపులో ఈశ్వరప్రసాద్ అనే సేల్స్‌మన్ తమిళంలో మొదలుపెట్టి, వీళ్ల మాట విని తెలుగులోకి మారాడు. నేరుగా యాభై ఐదు అంగుళాల టీవీ ముందుకు తీసుకుపోయాడు. తెర నిండా రంగురంగుల చేపలు ఈదుతున్నాయి.

"ఇదేనమ్మా ఇప్పుడు అందరూ తీసుకునేది. ఈ ధరకు ఇంత పెద్దది యాడా దొరకదు."

మునిలక్ష్మమ్మ ముఖం వెలిగింది. పగలంతా తోటలో వంగి పనిచేసి, సాయంత్రం సినిమా చూడటమే ఆమెకున్న ఒక్క సరదా. "సినిమా హాలు మాదిరి ఉండాది కదే మంజూ."

"మా గేమ్ బాక్సు తగిలించి చూడాలన్నా," అంది మంజుశ్రీ.

"అట్లంతా ఒప్పుకోరమ్మా. ఓనరుకు తెలిస్తే నన్నంటాడు."

"చూడకుండా కొనేది లేదు. మేము ఇంకో షాపుకు పోతాం."

ఈశ్వరప్రసాద్ ఒకసారి కౌంటరువైపు చూసి, వైరు అందుకున్నాడు.

లోహిత్ అందరికీ వీపు తిప్పి నిలబడి, చెయ్యి బయటికి తీశాడు. కుట్ల గుర్తులు చూసి ఈశ్వరప్రసాద్ చూపు తిప్పుకున్నాడు. అంత పెద్ద తెర మీద నక్క ఐదో గుంతలో పడింది. మళ్లీ పడింది. మంజుశ్రీ వీడియో తీసి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. ఏదైనా సినిమాలో చీకటి సన్నివేశం పెట్టమంది. తెరలో నలుపంతా బూడిద రంగులో ఉంది, మనుషుల ముఖాలు అందులో కలిసిపోయాయి.

రెండోది నలభై మూడు అంగుళాలది, పక్కన చిన్నపిల్లలా ఉంది. గేమ్ మోడ్ ఉందని పెట్టె మీద రాసుంది, కానీ రిమోటులో ఎక్కడుందో ఈశ్వరప్రసాద్‌కు తెలియదు. మంజుశ్రీ రిమోటు తీసుకుని బొమ్మ సెట్టింగులన్నీ తిప్పి, అట్టడుగున ఉన్నదాన్ని పట్టుకుంది. ఈలోగా టీవీలు చూడ్డానికి వచ్చినవాళ్లు నలుగురైదుగురు వెనక చేరారు.

లోహిత్ నొక్కాడు. నక్క మొదటి గుంతలోనే పడింది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ మొదటి గుంతే. ఇంటి దగ్గర దాటిన గుంతలు కూడా ఇక్కడ దాటలేకపోయాడు. వెనక ఎవరో దగ్గారు. లోహిత్ కంట్రోలర్‌ను టేబుల్ మీద పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "పోదాం పద అక్కా."

మంజుశ్రీ అలవాటు కొద్దీ అప్పుడే తీసిన వీడియో తెరిచింది. వేలు దిగడం, నక్క లేవడం. పదిహేడు. టీవీ సరిగ్గానే ఉంది. మరి నక్క ఎందుకు పడింది? మళ్లీ జరిపి చూసింది. నక్క లేచింది గుంత అంచు దగ్గర కాదు, అంతకు చాలా ముందే. దూకి, దిగి, ఆ తరువాత గుంతలోకి పోయింది.

"ఒరే లోహిత్, ఇటు రా. నీ వేలు ఆలస్యం కాలేదు. ముందే నొక్కుతుండావు."

"ఏమంటుండావు?"

"నెలంతా ఆ పాత టీవీకి తగ్గట్టు తొందరపడి నొక్కి నొక్కి అదే అలవాటైంది. ఇది వెంటనే దూకుతుంది. గుంత అంచు దాకా రానియ్యి. భయపడొద్దు."

లోహిత్ ఆమె చేతిలోని ఫోనును రెండుసార్లు చూశాడు. ఇంట్లో కన్నెత్తి చూడనివాడు, ఈసారి తనే వెనక్కి జరిపి మూడోసారి కూడా చూశాడు. తరువాత కంట్రోలర్ తీసుకున్నాడు. మునిలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నక్క పరుగెత్తింది. గుంత వచ్చింది. లోహిత్ వేలు ఆగింది, ఇంకొంచెం ఆగింది, నొక్కింది. నక్క దాటింది. రెండోదీ దాటింది. ఐదో గుంత దగ్గర వేగం పెరిగింది. దాటింది. ఆరు, ఏడు. తొమ్మిదో గుంతకు చూపుడువేలితో కంట్రోలర్ వెనకున్న బటన్ కూడా నొక్కాలి. ఆ వేలు వంగలేదు. నక్క పడిపోయింది.

"ఈ వేలు మాత్రం నిజంగానే రాలేదు," అన్నాడు లోహిత్. గొంతులో ఏడుపు లేదు. వేలిని పైకెత్తి, అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నాడు. చెయ్యి జేబులోకి పోలేదు.

మునిలక్ష్మమ్మ పెద్ద టీవీవైపు ఒకసారి తిరిగి చూసింది. మంజుశ్రీ చిన్నదానిలో అదే చీకటి సన్నివేశం పెట్టించింది. నలుపు నల్లగానే ఉంది, ముఖాలు స్పష్టంగా తెలిశాయి. పక్కకు జరిగి చూస్తే మాత్రం రంగు కొంచెం వెలిసింది.

"చాప ఎదురుగా వేసుకుంటాలే," అంది మునిలక్ష్మమ్మ. "బిల్లు వెయ్యప్పా."

సోమవారం మధ్యాహ్నం అన్నం వేళలో మంజుశ్రీ ఫోను మోగింది. లోహిత్. కృష్ణగిరి నుంచి చేస్తున్నాడు. తనను పొమ్మని ఎవరూ అనలేదు, బస్సెక్కి తనే పోయాడు.

"చేతి పట్టు కొలిచినారక్కా. ఎడమచేతికి ముప్పై ఎనిమిది కిలోలు. కుడిదానికి తొమ్మిది."

"తొమ్మిదేనా?"

"పోయినసారి నాలుగు," అన్నాడు. "డాక్టరమ్మ పిలుస్తాంది, పెట్టేస్తాను."