మిషన్‌కి పెట్టిన బొట్టు

తార్నాకలో ఒక సందు మొత్తాన్ని నేను ఒక్క వేలితో హడలెత్తించాను. బొట్టు పెట్టే ఉంగరపు వేలితో. ఎలాగో చెబుతాను. నవ్వదలచుకున్నవాళ్లు మొదట్లోనే నవ్వేయండి, చివరికొచ్చేసరికి నాకే నవ్వు రాలేదు.

అప్పుడు నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ రెండో ఏడు. ఇళ్లలోని వస్తువుల నుంచి పిల్లల ఒంట్లోకి సీసం చేరుతోందేమో తేల్చడం నా పని. సీసం మెల్లగా ఎక్కుతుంది, పిల్లల తెలివిని తినేస్తుంది, పోయింది మళ్లీ రాదు. ఇంత దిగులు పనిలో కూడా నేను తెగ హుషారుగా ఉండేదాన్ని, ఎందుకంటే నా చేతికి ఒక మిషన్ ఇచ్చారు. చూడటానికి తుపాకీలా ఉంటుంది. దాని ముక్కు వస్తువుకు ఆనించి మీట నొక్కితే అందులో సీసం ఎంతుందో అంకె చూపిస్తుంది. డిపార్ట్‌మెంట్ మొత్తానికి అది ఒక్కటే. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరిగేదాన్ని.

దసరాకు ల్యాబులో ఆయుధపూజ చేశాం. ఫ్రిజ్‌కి దండ వేశారు, తూకం మిషన్‌కి పసుపు రాశారు. నా మిషన్ ఏం పాపం చేసిందని, రోడ్డు పక్కన కొన్న సింధూరం తడిపి, దానికి నుదురు ఎక్కడుంటుందో తెలియక, ముక్కు మీదే బొట్టు పెట్టాను.

రోజూ పని మొదలుపెట్టే ముందు తెల్ల కాగితం మీద ఒకసారి మిషన్ నొక్కి, సున్నా వస్తోందో లేదో చూసుకోవాలని మా గైడ్ సార్ నియమం. పూజ చేసిన మిషన్‌ని అనుమానించడం ఏం మర్యాద అనుకుని, పండగ మర్నాడు ఆ పని మానేశాను.

మొదటి ఇల్లు యాదమ్మది. ఆమె పప్పు వండే గిన్నెకు మిషన్ ఆనించగానే పెద్ద అంకె వచ్చింది.

"ఏంది బిడ్డా, గంత సేపు చూస్తున్నవ్?"

"ఇందులో సీసం ఉందమ్మా."

"సీసాలా? మా ఇంట్ల తాగెటోళ్లు లేరు."

"సీసా కాదు, సీసం. విషం."

"మా అమ్మ ఇచ్చిన గిన్నె గది. పెండ్లయినప్పటి సంది దాంట్లనే వండుతున్న."

"అందుకే మరీ ప్రమాదం," అన్నాను, పెద్ద డాక్టర్‌లా ముఖం పెట్టి.

ఆ తర్వాత ఎక్కడ చూసినా సీసమే. స్టీలు గ్లాసులో సీసం, సబ్బులో సీసం, దేవుడి క్యాలెండర్‌లో సీసం, చివరికి ఒకరి పెరట్లోని జామకాయలో సీసం. బుర్ర ఉన్నవాళ్లకు జామకాయ దగ్గరైనా అనుమానం రావాలి. నాకు మాత్రం సన్మానం, శాలువా కనిపించాయి.

సందు చివర మల్లేశ్ ఇల్లు. పాత బ్యాటరీలు ఇంట్లోనే విప్పి బాగుచేస్తాడు. నాలుగేళ్ల కూతురు అక్షయ ఎప్పుడూ అతని ఒళ్లోనే ఉంటుంది. అందరికంటే ఎక్కువ భయపడ్డది అతనే.

"మా పాపకేమన్న అయితదా మేడం?"

"రక్త పరీక్ష చేయించాలి."

"రేపే తోల్కపోత."

గర్వంతో క్యాంపస్‌కి వచ్చి అంకెలన్నీ గైడ్ సార్ ముందు పెట్టాను. ఆయన జామకాయ దగ్గర ఆగారు.

"కాగితం మీద చూశావా?"

"లేదు సార్."

"చూడు."

చూశాను. తెల్ల కాగితంలో కూడా బోలెడు సీసం ఉంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మిషన్ ముక్కు మీదకు వంగారు.

"ఇదేంటమ్మా?"

"బొట్టు సార్."

"ఎవరికి?"

"మిషన్‌కి సార్. ఆయుధపూజ కదా."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత నెమ్మదిగా, "కల్తీ సింధూరంలో సీసం ఉంటుందని నీ థీసిస్ మొదటి అధ్యాయంలో ఎవరు రాశారు?" అన్నారు.

నేనే రాశాను. రెండు పేజీలు రాశాను.

ఆ సాయంత్రమే సందుకు పరుగెత్తి ఇంటింటికీ నా తప్పు చెప్పుకున్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. మల్లేశ్ పరీక్ష మానుకున్నాడు. యాదమ్మ అప్పటికే గిన్నెను పాతసామాన్ల బండిలో వేసేసింది.

వారం తర్వాత మిషన్ బాగుచేయించుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి ప్రతి గడపలోనూ అందరి ముందూ కాగితం మీద సున్నా చూపించి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాను. ఇళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"మరి నా గిన్నెల ఉండెనా?" అని అడిగింది యాదమ్మ.

"ఉందో లేదో ఇక తెలియదమ్మా," అన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

మల్లేశ్ ఇంటి గచ్చు మీద మాత్రం అంకె ఎగిరింది. మళ్లీ కాగితం మీద చూశాను, సున్నా. మళ్లీ గచ్చు మీద చూశాను, అదే అంకె.

"గీసారి పసుపు గూడ పెట్టినవా మేడం?" అని నవ్వాడు మల్లేశ్.

"ఈసారి నిజం మల్లేశ్. పాపకు పరీక్ష చేయించు."

"మొన్న గూడ గిట్లనే చెప్తివి."

బతిమాలాను. అతను నవ్వుతూనే ఉన్నాడు. నా మాటకు విలువ లేకుండా చేసుకున్నది నేనే, ఎవరిని అనను?

అప్పుడు అక్షయ వచ్చి, "బొట్టు ఉన్నదేమో అక్కా, నేను తుడుస్త," అని గౌను అంచు పట్టుకుని మిషన్ ముక్కు శ్రద్ధగా తుడిచింది. ఆ పిల్ల మాట కాదనలేక మళ్లీ కాగితానికి ఆనించాను. ఇందాక సున్నా వచ్చిన కాగితం మీద ఇప్పుడు అంకె వచ్చింది.

మల్లేశ్ నవ్వు ఆగిపోయింది. పాప గౌను వంక చూశాడు, తర్వాత ఆమెను ఎత్తుకునే తన చేతుల వంక చూసుకున్నాడు.

"నేను మంచిగనే తుడిచిన అక్కా," అంది అక్షయ, ఏడుపు గొంతుతో.

మర్నాడు పరీక్ష చేయించారు. రిపోర్టులో సీసం బాగా ఎక్కువగా ఉంది. సీసపు ధూళి రాల్చే బ్యాటరీల పని ఇంట్లోంచి బయటికి వెళ్లింది, పాపను డాక్టర్లు చూస్తున్నారు. ఒంట్లో ఎక్కింది ఎంత దిగుతుందో, ఇప్పటికే ఎంత పోయిందో ఎవరూ కచ్చితంగా చెప్పడం లేదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ యంత్రానికీ బొట్టు పెట్టను. కాగితం మీద సున్నా చూడనిదే ఎవరి గడపా తొక్కను. జామకాయను అవమానించను.

ఇప్పటికీ నేను మిషన్ పట్టుకుని వెళితే అక్షయ చేతులు రెండూ వెనక్కి దాచుకుంటుంది, తనవల్లే మిషన్ పాడైందని. చేతులు దాచుకోవాల్సింది నేను. ముఖ్యంగా ఆ ఉంగరపు వేలు.