నడిమి ముక్క

లాయ్ అక్క ముగ్గురిని కలిపి ఫొటో తీసేది కాదు. చచ్చినా తీసేది కాదు. పడవలో అప్పచెల్లెళ్లు ముగ్గురు వరసగా కూర్చుని ఎంత ముద్దుగా అడిగినా సరే, నాలుగో మనిషి కోసం రేవంతా వెతికేది. ఎవరూ దొరక్కపోతే కాఫీ బడ్డీలోంచి నన్ను లాక్కెళ్లి పక్కన నిలబెట్టేది. నా చేతిలో పనుంటే ఎవరి బుట్టలోంచో ఒక కోడిని తీసి నడిమి పిల్ల ఒళ్లో పెట్టి, అప్పుడు నొక్కేది.

"గాలికి కోడికీ మనిషికీ తేడా తెలీదా అక్కా?" అని వేళాకోళం ఆడేదాన్ని.

"నీకూ కోడికీ తేడా నాకే తెలీట్లేదు, గాలికేం తెలుస్తుందిలే. నోర్మూసుకుని నిలబడు" అనేది.

ముగ్గురు కలిసి ఫొటో దిగితే మధ్యనున్నవాళ్లు గాలి సోకి పోతారని మా కాయ్ సాక్ రేవులో అందరికీ తెలుసు. ఇప్పటి పిల్లలు ఆ మాటకి నవ్వుతారు. నవ్వుతూనే, ముగ్గురే ఉన్నప్పుడు మధ్యలోకి నువ్వంటే నువ్వని తోసుకుంటారు. లాయ్ అక్క మాత్రం నవ్వేది కాదు. ఎందుకు నవ్వదో రేవులో పాతవాళ్లకి తెలుసు.

ఆమె పని రేవు పడవ మీద. పడవ ఒడ్డుకి తగలగానే మోకు విసిరి గుంజకి చుట్టడం, టిక్కెట్లు చింపడం, మోటారుసైకిళ్లని వెనక్కి తోయించడం. ఒకప్పుడు మొగుడితో కలిసి తెడ్లు వేసిన రేవే అది. తర్వాత ఇంజను వచ్చింది, ఆ తర్వాత ఇనప పడవ వచ్చింది, యజమానులు మారారు. మోకు దగ్గర మనిషి మాత్రం మారలేదు. నదిలాగే ఆమె ఒళ్లు కూడా మట్టిరంగుకి తిరిగింది. అరవై దాటినా మోకు విసిరితే గురి తప్పేది కాదు, నోరు విప్పితే అసలే తప్పేది కాదు.

అద్దం పగిలిన పాత ఫోనొకటి ఉండేది. దానితో రోజుకొక ఫొటో తీసి, పొద్దున్నే మా రేవు గ్రూపులో పెట్టేది. రెండు ఒడ్లవాళ్లమూ ఆ గ్రూపులో ఉన్నాం. ఫొటో కింద నాలుగు ముక్కల్లో కథ రాసేది. లాటరీ టిక్కెట్లమ్మే ముసలాడు ముఖం మీద టోపీ బోర్లించుకుని నిద్రపోతున్న ఫొటో పెట్టి, "ఇవాళ టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లు మేలుకుని ఉన్నారు, అమ్మినవాడు నిద్రపోయాడు" అని రాసింది. ఒకసారి పడవ చెక్క మీద ఒంటి చెప్పు. కింద, "రెండోది వేసుకుని ఎవరో ఇంటికెళ్లారు. వాళ్లావిడ ఏమందో తెలిస్తే చెప్పండి" అని ఉంది. ఆ చెప్పు మా ఆయనదే. నేనేమన్నానో ఊరంతటికీ వినపడే ఉంటుంది.

ఆ కథల కోసం జనం కాచుకుని ఉండేవాళ్లు. తీరిక ఎక్కువై పంచుతోందనుకునేవాళ్లు. తీరికా పాడా. ఆమె పంచేది తిరిగి రాబట్టుకోడానికి. వారానికోసారి అడుగున ఒక మాట చేర్చేది: "మీ ఇళ్లలో రేవు దగ్గర తీసిన పాత ఫొటోలుంటే పెట్టండి. ఎవరి ఫొటో అయినా సరే." ఊరికే అడిగితే ఎవరు వెతుకుతారు, నేనిస్తే కదా వాళ్లిస్తారు అని నాతో అనేది. ఆ పాత ఫొటోల్లో ఆమె వెతికేది ఒక్క ముఖం కోసం. తన కూతురి ముఖం.

ఆ పిల్ల పేరు హెన్. బురదలో దొరికే చిన్న గుల్లల పేరది. గాలి కన్ను పడకుండా అలాంటి అనాకారి పేర్లు పెడతాం. యుద్ధం అయిపోయి, బియ్యం కూడా కార్డు మీద తెచ్చుకునే రోజులు. అప్పటికి నాకు పన్నెండేళ్లో ఎన్నో. హెన్ నా చంకలోనే పెరిగింది. లాయ్ అక్క తెడ్డు పట్టుకుంటే నేను పిల్లని పట్టుకునేదాన్ని. మా ఇంట్లో పుట్టిన వరసని బట్టి ఊరంతా నన్ను చిన్ అని పిలుస్తుంది, తొమ్మిది అని. హెన్‌కి ఆ ముక్క కూడా నోరు తిరిగేది కాదు, "తిన్, తిన్" అనేది.

ఆ ఏడు కొత్త సంవత్సరం టెట్ పండక్కి కెమెరా మెడలో వేసుకుని ఒకతను రేవుకొచ్చాడు. ఫొటో అంటే పెళ్లికో చావుకో తప్ప తెలియని కాలం. అక్క మొగుడు లుక్ సరదా మనిషి, ముగ్గురం దిగుదాం రమ్మన్నాడు. కెమెరా అతనే వెనకాడి, ఇంకొకరిని పిలవండి అన్నాడట. మా మధ్యకి ఇంకొకడెందుకని లుక్ నవ్వి, హెన్‌ని మధ్యలో నిలబెట్టాడు. ఫొటో బాగానే వచ్చింది. నేను చూశాను.

వానల్లో పిల్లకి జ్వరం తగులుకుంది. ఆ ఏడు ఇంటికొకరు పడకేశారు. ఆస్పత్రిలో మంచానికి ముగ్గురు పిల్లలు, చేతుల మీద ఎర్ర చుక్కలు. అక్కడ బాగవక ఇంటికి తెచ్చారు. మంత్రం వేసే ముసలమ్మ వచ్చి చూసి, ముగ్గురూ ఫొటో దిగారా అని అడిగింది. నడిమి ముక్క కోసి నదికిచ్చేయండి, పిల్ల దొరికేసిందనుకుని గాలి వెళ్లిపోతుంది అని చెప్పింది.

ఎవరైనా ఏం చేస్తారు? నేనైనా అదే చేసేదాన్ని. లాయ్ అక్క వలలు కోసే కత్తెరతో ఫొటోలోంచి హెన్‌ని కోసింది. అరటిదొప్పలో గుప్పెడు బియ్యం, ఉప్పు వేసి, దాని మీద ఆ ముక్క పెట్టి నీళ్లలో వదిలింది. దొప్ప కనుమరుగయ్యేదాకా ఒడ్డునే నిలబడిందట. మర్నాటి సాయంత్రానికి పిల్ల పోయింది.

మిగిలిన రెండు ముక్కల్లో ఒకటి లుక్ పట్టుకుపోయాడు. ఇసక పడవల మీద పనికెళ్లి మొదట్లో పండక్కి వచ్చేవాడు, తర్వాత పండక్కీ రాలేదు. అక్క అతన్ని తిట్టగా నేనెప్పుడూ వినలేదు. అతని వాటా తిట్లు నేనే తిట్టాను.

ఇంట్లో పెద్దల పటాలుండే పీట కింద ఆమె ఒక చిన్న అర కొట్టించింది. పెద్దల కంటే ముందు పోయిన పిల్లకి తద్దినమేమిటి, పీటేమిటి అని అత్తవైపువాళ్లు గొడవ చేశారు. పైన పెట్టలేదుగా, కిందేగా పెట్టాను అంది. అరలో ఒక అగరొత్తుల గిన్నె, ఒక ఫ్రేము. ఫ్రేములో ఏమీ లేదు. ఏటా వానల్లో కొబ్బరిపాలల్లో అరటిపండు ఉడికించి, ఆ ఖాళీ అద్దం ముందు పెట్టి, నన్ను భోజనానికి పిలిచేది. అద్దంలో మా ఇద్దరి ముఖాలే కనపడేవి.

ఒకసారి ఉండబట్టలేక, బజారులో పోయినవాళ్ల పటాలు గీసే ముసలాయన దగ్గరికెళ్లి పిల్ల ఎలా ఉండేదో చెప్పి గీయించింది. అంతకుముందు ఆయన ఎంతోమందికి పాత ఫొటోల్లోంచి తల తీసి, కొత్త చొక్కా తొడిగి, పెద్దల పీటకెక్కించినవాడే. కానీ తల అంటూ ఉండాలి కదా. ఆ బొమ్మ నాకు చూపించకుండానే చింపేసింది. క్యాలెండర్ మీద పాపని గీసిచ్చాడు అని మాత్రం చెప్పింది.

"నేను పోయేలోపు దాని ముఖం ఆ అరలో పెట్టాలే చిన్" అంది ఆ రోజు. "నేను కూడా పోతే ఇంక దాన్ని చూసినవాళ్లెవరుంటారు? నువ్వొక్కదానివి. నువ్వేమో కాఫీలో పంచదార వేశావో లేదో మర్చిపోతావు."

పోయిన ఏడు టెట్‌కి గ్రూపులో పాత ఫొటోలు ఎక్కువగా వచ్చాయి. పండక్కి ఇల్లు దులిపినప్పుడు బయటపడతాయి కదా. అవతలి ఒడ్డు ఫాత్ మాస్టారు ఒకటి పెట్టారు. నలుపు తెలుపు ఫొటో. ఆయన అక్కగారి పెళ్లి పడవ మా రేవుకి చేరినప్పటిది. లాయ్ అక్కని చూసి ఆయనకీ కథలు రాయడం అబ్బింది, కింద రాశారు: "దిగేటప్పుడు పెళ్లికూతురి చెప్పు నీళ్లలో పడింది. అందుకే అందరూ కిందకే చూస్తున్నారు. మా అక్క ఒంటి చెప్పుతోనే అత్తారింటికెళ్లింది."

బడ్డీలో పాలు పొంగుతుంటే ఒక చేత్తో ఫోను చూస్తున్నాను. నిజంగానే పెళ్లికూతురు, పెద్దలు, గొడుగు పట్టినవాడు, అందరూ నీళ్లలోకే వంగి చూస్తున్నారు. ఒక్క పిల్ల తప్ప. అంచున, మోకు చుట్టే గుంజని రెండు చేతులా కావలించుకుని, బుగ్గలో చెరకు ముక్క పెట్టుకుని, ఆ పిల్ల తిన్నగా కెమెరాకేసి చూస్తోంది. గుండ్రటి ముఖం. చప్పిడి ముక్కు. ఎడంగా ఉన్న కళ్లు.

పాలు పొంగిపోయాయి. పొంగితే పొంగనీ. నేను ఫోను పట్టుకుని రేవులోకి పరిగెత్తాను.

అక్క అప్పుడే మోకు చుట్టి జనాన్ని దింపుతోంది. పండగ రద్దీ. చివరి మోటారుసైకిలు దిగేదాకా ఆగి, ఫోను చేతికిచ్చాను. వేళ్లతో పెద్దది చేసి చూపించాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. ముందు జాకెట్టు చూసింది.

"ఇది నేను కుట్టిందే" అంది. గొంతు మామూలుగానే ఉంది. "నా పాత జాకెట్టు చిన్నది చేసి కుట్టాను. పై గుండీ దొరక్క మీ లుక్ అన్న చొక్కాది తెల్ల గుండీ పీకి వేశాను. చూడు, అదే."

"అదే అక్కా."

ఆమె ఫొటోని ఇంకొంచెం పైకి జరిపింది. ముఖం దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. ఆ ముఖంలో వెలుగు వస్తుందని నేను ఎదురుచూస్తున్నాను. ఇన్నేళ్లూ ఆ వెలుగు కోసమే నేను కూడా ఎదురుచూశానని అప్పుడు తెలిసింది.

"ఈ పిల్లెవరు?" అంది.

నాకు అర్థం కాలేదు. "హెన్ అక్కా. మన హెన్."

"కాదే. హెన్‌ది కోల ముఖం. సన్న పెదాలు. నాకు తెలీదా? ఎవరో నా పిల్ల జాకెట్టు వేసుకుంది."

"ఆ జాకెట్టు హెన్ తప్ప ఎవరేసుకుంటారక్కా? కోల ముఖం కాదు, గుండ్రటిదే. చప్పిడి ముక్కు అని నువ్వే దాన్ని ఏడిపించేదానివి. రోజూ నూనె రాసి సాగదీసేదానివి, గుర్తులేదా? నేను ఎత్తుకున్న పిల్లక్కా. నా చంకకి తెలుసు."

ఆమె నాకేసి చూసింది. నేను అబద్ధమాడితే ఆమెకి ఇట్టే తెలిసిపోతుంది. ఆడటం లేదని కూడా తెలిసిపోయింది. మళ్లీ ఫోను చూసింది, మళ్లీ నన్ను చూసింది. తర్వాత గుంజ మీద కూలబడింది, ఫొటోలో ఆ పిల్ల కావలించుకున్న గుంజలాంటి దాని మీదే.

"అయితే ఇన్నేళ్లూ నేను ఎవరికి దణ్ణం పెట్టుకున్నానే?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ కోల ముఖం ఎక్కణ్నించి వచ్చిందో నాకు తెలుసు. పడవెక్కిన ప్రతి పిల్లలోనూ వెతుక్కుంది. ఒకరి గడ్డం, ఇంకొకరి పెదాలు తెచ్చి, ఖాళీ అద్దంలో అతికించుకుంది. కోసి నదికిచ్చింది ఒక్క ముక్కనే అనుకున్నాం ఇన్నాళ్లూ. ఆ ముసలమ్మ మీద, ఆ మాయదారి జ్వరం మీద, ముగ్గురిని నిలబెట్టిన లుక్ మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎవరి మీద చూపించను? అవతలి ఒడ్డున జనం పడవ కోసం కేకలేస్తున్నారు. అక్క లేచి మోకు విప్పింది. ఆ రోజు గుంజకి మోకు వేయడంలో గురి తప్పడం మొదటిసారి చూశాను.

మర్నాడు పొద్దున గ్రూపులో ఆమె ఫొటో వచ్చింది. మాస్టారు పెట్టిన పెళ్లి ఫొటోలోంచి ఆ అంచుని మాత్రం పెద్దది చేయించింది. కిందేం రాస్తుందోనని రెండు ఒడ్లూ ఎదురుచూశాయి. "దీని పేరు హెన్. నా కూతురు. నేను గుర్తుపట్టలేదు" అని రాసింది. అంతే. ఆ రోజు ఎవరూ కింద నవ్వు బొమ్మలు పెట్టలేదు. చాలాసేపటికి మాస్టారు, "అమ్మా, అసలు ఫొటో మీ దగ్గరే ఉంచుకోండి, తెచ్చిస్తాను" అని రాశారు. తెచ్చిచ్చారు కూడా, తెల్ల చొక్కా వేసుకుని, గుమ్మం బయట చెప్పులు విప్పి, అగరొత్తి వెలిగించి వెళ్లారు.

ఆ తర్వాత ఆమె ఫొటోలు తీయడం మానేసింది. ఎందుకు మానేశావని గ్రూపులో అడిగినవాళ్లకి ఫోను పాడైందని చెప్పమంది. ఫోను బాగానే ఉంది.

ఈ వానల్లో తద్దినానికి ఎప్పటిలాగే నన్ను పిలిచింది. కొబ్బరిపాలల్లో అరటిపండు ఉడుకుతోంది. ఫ్రేములో హెన్ ఉంది, బుగ్గలో చెరకు ముక్కతో. ఆ అర ఎదురుగా చిన్న పీట వేసి ఉంది. పీట ముందు నేల నున్నగా అరిగినట్టుంది. రోజూ పనయ్యాక అక్కడే అన్నం తింటోందట, పిల్ల ముఖం చూస్తూ.

నేను అగరొత్తి వెలిగించి లేచాను. అక్క గిన్నెలో వడ్డిస్తూ, నా వైపు తిరగకుండానే అంది:

"నిన్న ముక్కు గుర్తొచ్చిందే చిన్. నూనె రాస్తుంటే తుమ్మేది."