పరీక్ష గదిలో చప్పుడు

మూడో రికార్డింగులోనూ ఆ చప్పుడు వినిపించేసరికి రొవీనా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. పిల్లవాడు ఫ్రెంచిలో ఏదో తప్పు మాట్లాడతాడు. ఎక్కడో కటుక్కుమంటుంది. వాడు ఆగి, దిద్దుకుని, ముందుకు సాగుతాడు. ఒకరికైతే కాకతాళీయమనుకోవచ్చు. ముగ్గురికీ అదే వరస.

ఇంగ్లండులో, హాలిఫాక్స్‌లోని ఆ బడికి రొవీనా ఫ్రెంచి విభాగాధిపతిగా వచ్చి ఏడాది కాలేదు. ఆ మౌఖిక పరీక్ష పెట్టిన గ్లెనిస్ ఆర్మిటేజ్, రొవీనా పుట్టకముందు నుంచీ అక్కడ పాఠం చెబుతోంది. తివాచీల మిల్లు కార్మికుడి కూతురు. చిన్న వయసులో ఫ్రాన్సులోని లిల్ వెళ్లి ఒకరింట్లో పిల్లల్ని చూసుకుంటూ ఫ్రెంచి నేర్చుకుంది. బస్సు డ్రైవరును పెళ్లాడింది. ఏటా బడిపిల్లల్ని ఆయన బస్సులోనే ఫ్రాన్స్ తిప్పుకొచ్చేది. ఆవిడ కొనుక్కొచ్చే చీజ్ వాసనకు డోవర్ రేవు నుంచి ఇంటిదాకా పిల్లలు ముక్కుకు మఫ్లర్లు చుట్టుకునేవారట.

అదంతా రొవీనా విన్నదే. కానీ నడవాలో పిల్లలు అనుకుంటుండగా విన్న ఇంకో మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. "ఆర్మిటేజ్ మిస్ దగ్గరైతే గట్టెక్కినట్టే."

మార్కులు వేసే పరీక్షల బోర్డుకు వెళ్లేది రికార్డయిన గొంతులే. పంతులమ్మ కళ్లు, చేతులు ఏం చేస్తున్నాయో అక్కడెవరికీ తెలియదు. అందుకే నిన్న మూడో పిల్లవాడి పరీక్ష జరుగుతుంటే రొవీనా తలుపు అద్దంలోంచి చూసింది. గ్లెనిస్ చేతులు ఒళ్లో ఉన్నాయి. పెన్ను లేదు. ఉంగరం కదల్లేదు. అయినా రికార్డింగులో చప్పుడుంది. అంత ఒడుపుగా చేస్తోందంటే, ఎన్నేళ్ల అలవాటో.

ఇక ఈరోజు భోజనం తరువాత పరీక్షకు సఫియా అనే అమ్మాయి ఒక్కతే మిగిలింది. మోసమని తేలితే నలుగురి మార్కులూ పోతాయి. వచ్చే ఏడు రిటైరయ్యే గ్లెనిస్ పేరూ పోతుంది. రొవీనా ఆవిణ్ణి తన గదికి పిలిచింది.

గ్లెనిస్ సాండ్‌విచ్ డబ్బా మూసి, అలవాటుగా ఒక పుదీనా బిళ్ల నోట్లో వేసుకుని కూర్చుంది. "ఏంటమ్మాయ్, ముఖం అలా పెట్టావు? టీ చల్లారిందా?"

"ఇది వినండి."

స్పీకరులో పిల్లవాడి గొంతు సాఫీగా నడిచింది. తప్పొచ్చింది. కటుక్.

అది రెండుసార్లు వినిపించింది. ఒకటి స్పీకరులోంచి. ఇంకోటి ఎదురు కుర్చీలోంచి.

రొవీనా ఆపి, మళ్లీ అక్కడినుంచే పెట్టింది. ఈసారి గ్లెనిస్ దవడ కదలడం చూసింది. బిళ్ల పళ్ల మధ్య నలిగింది.

గ్లెనిస్ చెంప మీద చెయ్యి వేసుకుంది. "ఇది నేనేనా?"

"మీకు తెలియదా?"

"పరీక్షలు పెట్టడం మొదలెట్టిన కొత్తలో బోర్డు నన్ను తిట్టింది. పిల్లలు వాక్యం మొదలెడితే నేను పూర్తి చేసేస్తున్నానని. నోట్లో బిళ్ల ఉంటే నోరు ఊరుకుంటుందని అప్పట్నుంచీ..." ఆవిడ ఆగింది. "మోసం అనుకుంటున్నావు కదూ. ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి."

"అందుకా నా కప్పులో టీ పొయ్యడం మానేశావు. పాలు అయిపోయాయేమో అనుకున్నా."

రొవీనా నవ్వలేదు. గ్లెనిస్ బిళ్లను కాగితంలోకి ఉమ్మేసి, ఆ కాగితం మడిచింది. "సఫియా పరీక్షకి నువ్వు కూడా వచ్చి కూర్చో. నా నోరు కనపడేలా కూర్చో."

సఫియా మూతపడిన ఫ్రెంచి నూలు మిల్లుల గురించి చదువుకొచ్చింది. తాత హాలిఫాక్స్ మిల్లులో పనిచేశాడు కాబట్టి ఆ విషయం ఎంచుకుంది. బాగానే మొదలెట్టింది. కాసేపటికి ఒక తప్పు దొర్లింది. గ్లెనిస్ పెదవులు తెరుచుకున్నాయి, మళ్లీ బిగుసుకున్నాయి. చప్పుడు లేదు. సఫియా ధీమాగా సాగిపోయింది. మరో తప్పు. ఇంకోటి. దేన్నీ దిద్దుకోలేదు. గ్లెనిస్ చేతివేళ్లు ఒళ్లో తెల్లబడేదాకా నొక్కుకుంది. రొవీనా అన్నీ చూసింది.

అయ్యాక పిల్ల వెలిగిపోతూ లేచింది. "మిస్, ఒక్కసారి కూడా మీరు బిళ్ల కొరకలేదు. అంటే ఒక్క తప్పూ లేనట్టేగా?"

గ్లెనిస్ రికార్డరు ఆపేసింది. "మీ తాత గురించి బాగా చెప్పావు తల్లీ. వెళ్లు."

తలుపు మూసుకుంది.

"వాళ్లందరికీ తెలుసు," అంది రొవీనా.

"ఊఁ."

"మీకొక్కరికే తెలియదు."

"నమ్మకపోతే నమ్మకు. కానీ బోర్డుకు రాయి. ఆ ముగ్గురికీ సాయం అందిందని రాయి. ఈ పిల్లకి అందలేదని కూడా రాయి. తప్పు నాదని, పిల్లలది కాదని పైనే రాయి."

"రాస్తే మీకు ఇంకో ఏడాది ఉండదేమో."

"రాయకపోతే రేపట్నుంచి నువ్వు నా నోటి వంకే చూస్తూ కూర్చుంటావు. అలా ఏడాది నా వల్ల కాదమ్మాయ్."

రొవీనా తన గదికి తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని రాసింది. "అనుకోకుండా" అన్న మాట దగ్గర ఆగింది. మరి పిల్లలకెలా తెలుసు? ఏళ్లతరబడి తరగతిలో ఆ చప్పుడుకు పిల్లలు ఉలిక్కిపడి దిద్దుకుంటుంటే, ఎదురుగా నిలబడిన మనిషి గమనించకుండా ఉంటుందా? ఆ మాట కొట్టేసింది.

మళ్లీ స్పీకరులో మొదటి రికార్డింగు పెట్టింది. పిల్లవాడు తప్పు మాట్లాడాడు. తన వెంటే వచ్చి వెనక టీ కప్పులు కడుగుతున్న గ్లెనిస్ చేతులు ఆగాయి. నోరు ఖాళీగా ఉన్నా దవడ ఒక్కసారి గట్టిగా మూసుకుంది. ఆవిడ ఇటు చూడనేలేదు.

రొవీనా కొట్టేసిన మాటను తిరిగి రాసింది.