ఎవరినీ ఊరికే మెచ్చుకోని మామ

మా మేనమామ పోయాడన్న కబురు నేను పనిచేసే బడికి ఫోనులో వచ్చింది. శ్రీకాళహస్తిలో మా బడికి ఉన్న ఒకే ఫోను హెడ్మాస్టరు గదిలో ఉంటుంది. అవతల మా అత్త. గొంతులో ఏడుపు లేదు.

"మీ మామ పోయినాడమ్మే. పొద్దన్నే ఎవురికో పన్ను పీకినాడు. చెయ్యి కడుక్కోని కుర్చీలో కూసున్నాడు. కాఫీ తీసకపోయి పిలిస్తే పలకలేదు. నువ్వు బస్సెక్కు" అంది.

మామ తిరుపతిలో పళ్ల డాక్టరు. నేను బస్సెక్కి వెళ్లాను, జరగవలసినవన్నీ జరిగాయి. వాటి గురించి రాయను. కర్మ పూర్తయ్యేలోపే అక్కడ అచ్చయ్యే ఒక వారపత్రిక మామ ఫోటో వేసి నివాళి రాసింది. 'చిరునవ్వుతో అందరినీ మెచ్చుకునే సహృదయుడు, యువ కళాకారులను వెన్నుతట్టిన సంగీతాభిమాని' అట. మామ ఎవరినీ ఊరికే మెచ్చుకోలేదు. ఈ ఊళ్లో ఆయన మెచ్చుకున్నది, నాకు తెలిసి, ఒకే ఒక్క పాటను. ఆ మెచ్చుకోలును కూడా అచ్చులో రాకుండా చేసింది ఈ పత్రికే. అందుకే ఇది రాస్తున్నాను.

మద్రాసులో డాక్టరీ చదివేటప్పుడు మామకు రాక్ సంగీతం పట్టుకుంది. చదువు ముగించుకుని పళ్లు చూసే కుర్చీ, ఒక రికార్డు ప్లేయరు, పెట్టెడు రికార్డులు వెంటబెట్టుకుని తిరుపతికి వచ్చాడు. రైల్వే స్టేషను దగ్గర క్లినిక్కు. వెనక ఇల్లు. వీధిలో మైకులన్నీ భక్తి పాటలు పాడుతుంటే ఆయన గదిలో ఎలక్ట్రిక్ గిటార్లు మోగేవి. కొండ దిగి వచ్చిన యాత్రికులు, గుండుకు పూసిన గంధం ఇంకా ఆరకుండానే, నోరు తెరుచుకుని ఆ కుర్చీలో పడుకుని ఆ మోత వినేవారు. ఒక ముసలాయన, "అయ్యా, ఈ సప్పుడు నా పంట్లోంచి వస్తా ఉండాదా?" అని అడిగాడు.

"లేదు తాతా, నీ పన్ను ఇంతకంటే నయం" అన్నాడు మామ.

నేను డిగ్రీ చదవడానికి సత్యవేడు దగ్గరి మా ఊరి నుంచి వచ్చి వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పటికే మామ ఆ వారపత్రికలో కొత్త రికార్డుల మీద అభిప్రాయాలు రాస్తున్నాడు. ఆయన చేతిరాత మందుల షాపు వాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు గనక శుభ్రంగా తిరగరాసే పని నాది. రికార్డు ప్లేయరు మొహం చూడనివాళ్లు కూడా ఆ పేజీ చదివేవారు. తిట్ల కోసం చదివేవారు. ఒక గాయకుడి గురించి, "అరిసేదానికి కోపం ఉండాల్నా వద్దా? వీనికి కోపం లేదు, మైకు ఉండాది" అని నాతో అన్న మాటను ఉన్నదున్నట్టే రాయించాడు. ఇంకో ఆల్బం గురించి, డ్రమ్ములు వాయించేవాడు ఇంటికి పోయే తొందరలో ఉన్నట్టున్నాడనీ, మిగతావాళ్లు కూడా అతనితో పోయి ఉంటే బాగుండేదనీ రాశాడు.

అంత తిట్టేవాడే గాని, ఏ రికార్డునూ సగంలో ఆపేవాడు కాదు. ముక్కు దగ్గర కుళ్లిన పన్ను పట్టుకున్నట్టు మొహం పెట్టి, రెండు వైపులా చివరిదాకా వినేవాడు.

"ఆపెయ్యరాదా మామా, నీకు పడనప్పుడు" అనేదాన్ని.

"సగంలో సూది ఎత్తేస్తే వాన్ని తిట్టే హక్కు నాకి యాడ ఉంటాది?" అనేవాడు. రికార్డు అయిపోగానే లేచి, పెరట్లోకి పోయి, ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించేవాడు. వంటింట్లోంచి అత్త ఆ చప్పుడు విని, "ఇదీ బాగలేదంటనా?" అని అడిగేది.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా ఆ పత్రిక యజమాని కొడుకు ఒక రికార్డు చేశాడు. కంపెనీ ఏదీ లేదు. ముగ్గురు స్నేహితులు, రెండు గిటార్లు, మద్రాసులో అద్దెకు తీసుకున్న స్టూడియో. ఖర్చు నాయన పెట్టుకున్నాడు. అట్ట మీద నలుగురూ చీకటి మొహాలు వేసుకుని రాళ్ల మీద కూర్చున్న ఫోటో. ఊళ్లో పెద్ద సభ పెట్టి దండలు వేశారు. ఆ రికార్డు మామ చేతికి వచ్చింది.

మేం మధ్యాహ్నం భోజనాలయ్యాక విన్నాం. పాటలన్నీ ఇంగ్లీషులో, ముక్కుతో. పరాయి దేశపు వీధుల గురించి, ఎప్పుడూ చూడని మంచు గురించి. మామ మొహం పాట పాటకూ ముడుచుకుపోయింది. "వీడు మద్రాసు దాటి పోయినాడా ఎప్పుడన్నా?" అన్నాడు ఒకసారి. నాకూ అసహ్యమే వేసింది. రాని కోపం, లేని విరహం, అరువు గొంతు. లేచి పోదామనుకుంటుండగా చివరి పాట మొదలైంది. అది తెలుగు. మన మాటల్లోనే, ఆస్పత్రి బయట అరుగు మీద కూర్చుని లోపల ఉన్న అమ్మ కోసం కాచుకోవడం గురించి. ఒక్కటే గిటారు. మధ్యలో గొంతు పగిలింది. పగిలినా ఆగకుండా పాడాడు.

మామ లేచి సూది వెనక్కి పెట్టాడు. ఆ పని ఆయన చేయగా నేను అంతకుముందు చూడలేదు. మళ్లీ విన్నాడు. ఆ పూట పెరట్లోకి పోలేదు.

ఆయన రాసింది నేనే తిరగరాశాను గనక నాకు బాగా గుర్తు. మిగతా పాటలన్నీ అద్దెకు తెచ్చిన బట్టలనీ, అవి వేసుకుని ఈ అబ్బాయి వీధిలో తిరగడం చూడలేకపోయాననీ రాశాడు. చివరి పాటలో మాత్రం గొంతు అతనిదేననీ, పగిలిన చోటే అది అన్నిటికంటే బాగుందనీ, అలాంటి ఇంకొక్క పాట కోసం తాను పదేళ్లయినా ఎదురుచూస్తాననీ రాశాడు.

పత్రిక వచ్చిన రోజు, అది మా ఇంటికి చేరకముందే ఆ అబ్బాయి వచ్చాడు. చేతిలో మైసూరుపాకు పెట్టె. వంగి మామ కాళ్లకు దండం పెట్టాడు.

"సార్, మీరు ఇంత బాగా రాస్తారని నేను కల్లో కూడా అనుకోలేదు. భయపడినా సార్."

"బాగానా?" అన్నాడు మామ.

అబ్బాయి పత్రిక తీసి ఇచ్చాడు. మామ నిలబడే చదివాడు. తర్వాత నాకిచ్చాడు. కింద మామ పేరు. పైన ఉన్న మాటల్లో ఒక్కటీ మామది కాదు. 'ప్రతి పాటా ఒక ముత్యం', 'అంతర్జాతీయ స్థాయి', 'తిరుపతి గర్వించే తేజం'. చివరి పాట ఊసే లేదు. గొంతు పగిలిన పాటను గుర్తు చేయడమెందుకని తీసేసినట్టున్నారు.

మామ మొహం నాకింకా కళ్లముందు ఉంది. ఎంత చెత్త రికార్డుకూ ఆ మొహం పెట్టలేదు. నేను కళ్లతోనే వద్దన్నాను. ఆ అబ్బాయి అంత సంతోషంగా ఉన్నాడు. మామ నా వైపు చూసి, అతన్ని కుర్చీలో కూర్చోమన్నాడు.

"ఇది నేను రాయలేదప్పా."

"సార్?"

"నేను రాసింది వేరే. మీ నాయన ఇది రాయించి నా పేరు పెట్టినాడు. నీ పాటలు నాకి నచ్చలేదు. సెప్పనా, వద్దా?"

ఆ అబ్బాయి మొహంలో రక్తం లేదు. మైసూరుపాకు పెట్టె కింద పెట్టి, "సెప్పండి" అన్నాడు.

మామ అన్నీ చెప్పాడు. ఒక్కటీ తగ్గించలేదు. ఆ అబ్బాయి తల వంచుకుని విన్నాడు. చివరికి మామ గొంతు మారింది. "ఆ ఆస్పత్రి పాట ఉండాదే, అది మాత్రం నీది. అది నేను రెండుసార్లు విన్నా. అది బాగుండాదని రాసినా. ఆ మాట నీకు సేరకుండా కొట్టేసినారు సూడు, దానికి నాకి అసయ్యంగా ఉండాది."

"మా అమ్మ దాంట్లోనే పోయింది సార్, ఆ ఆస్పత్రిలో" అన్నాడు అబ్బాయి. "ఆ పాట తీసెయ్‌మన్నాడు నాయన. నేనే మొండికేసి పెట్టినా."

ఆ మాట చెప్పి ఏడ్చాడు. అత్త వచ్చి మజ్జిగ ఇచ్చింది. మైసూరుపాకు పెట్టె అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

మామ అప్పటికప్పుడే పత్రికాఫీసుకు నడిచాడు. నేను వెంట వెళ్లాను. యజమాని నవ్వుతూ కుర్చీ చూపించాడు.

"యేం డాక్టరూ, నీ పేరు ఇంకా పెద్దది చేస్తిమి కదా. బిడ్డ సంతోషపడినాడు. నీకేం పోయె?"

"నా నోట్లో నీ నాలిక పెట్టినావు. అదప్పా పోయింది" అన్నాడు మామ. "వచ్చే వారం నేను రాసింది ఎయ్యి."

"పళ్లు పీక్కునేవానికి ఇంత పంతమా?" అన్నాడు యజమాని, నవ్వు మానేసి.

మరుసటి వారం ఏమీ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మామ ఇక ఆ పత్రికకు రాయలేదు. సాయంత్రాలు రికార్డుల షాపు ముందు నిలబడి, ఆ ఆల్బం కొనడానికి వచ్చినవాళ్లకు, "పత్రికలో ఉండేది నా మాట కాదు. చివరి పాట కోసమైతే కొనండి" అని చెప్పేవాడు. షాపాయన విసుక్కున్నాడు. యజమాని చుట్టాలూ స్నేహితులూ క్లినిక్కుకు రావడం మానేశారు. అత్త కూడా కొన్నాళ్లు మండిపడింది. "లోకంలో అందరి పాటలూ నువ్వే బాగు సెయ్యాల్నా?" అని.

"బాగు సెయ్యను. బాగలేదని సెప్తా, అంతే" అన్నాడు మామ.

అప్పటినుంచి తన అభిప్రాయాలు తెల్లకాగితం మీద టైపు చేయించి, క్లినిక్కులో రోగులు కూర్చునే బెంచీ ఎదుట గోడకు అంటించడం మొదలుపెట్టాడు. ఎవరూ ఒక్క అక్షరం మార్చలేని చోటు అదొక్కటే మిగిలిందనేవాడు. రికార్డులు పోయి క్యాసెట్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

ఆ అబ్బాయి తన తండ్రి ఇంటిని వదిలేసి మద్రాసులో ఏదో ఉద్యోగంలో చేరాడు. చాలా ఏళ్ల తర్వాత సొంతంగా ఒక క్యాసెట్టు చేసి తెచ్చాడు. నేను సెలవులకు వచ్చి ఉన్నాను. మామ రెండు వైపులా విన్నాడు.

"నాలుగు పాటలు పారెయ్యి. మిగతావి వినేదానికి కష్టం లేదు" అన్నాడు.

అతను పడీ పడీ నవ్వాడు. "ఇది సాల్లే సార్ నాకి" అన్నాడు.

మామ పోయిన మర్నాడు అతను వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా పాడె ఒక కొమ్ము పట్టుకున్నాడు. నివాళి రాసిన వాళ్లెవరూ ఆ రోజు రాలేదు.

నివాళి ఉన్న పత్రిక వచ్చిన పొద్దున నేనూ అత్తా క్లినిక్కు తలుపు తెరిచి ఊడుస్తున్నాం. చెంప వాచిన ఒక రైతు, సంగతి తెలియక లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అత్త చీపురు పట్టుకునే, "డాక్టరు లేడు నాయనా. పోయినాడు" అంది. అతను సరేనన్నట్టు తలూపాడు గాని లేవలేదు. ఎదుటి గోడ మీద మామ ఆఖరున అంటించిన కాగితం చదువుతున్నాడు. ఏదో కొత్త క్యాసెట్టు మీద. పెదాలు కదుపుతూ, ఒక్కో వరుస కిందికి వేలు జరుపుతూ చదివాడు. మధ్యలో ఎక్కడో అతనికి నవ్వొచ్చింది. నవ్వితే పన్ను సలిపింది కాబోలు, అబ్బా అని చెంప అదిమి పట్టుకున్నాడు. ఒక చేత్తో చెంప పట్టుకునే, రెండో చేతి వేలు తరువాతి వరుస మీదికి జరిపాడు.