జాబుల తలదిండు

సుబ్బరత్నమ్మ మొగుడు నారాయణ పోయి నెల దాటినా ఆమె కంట ఒక్క చుక్క నీరు రాలేదు. ఊరు ఊరుకుంటుందా? పెన్న ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఏటికి నీళ్ళు రావడం అరుదు గానీ జనం నోటికి మాటలు రావడం అరుదు కాదు. గుండె కాదు బండరాయి అన్నవాళ్ళున్నారు, పీడ వదిలిందనుకుంటోంది కాబోలు అన్నవాళ్ళూ ఉన్నారు. ఆమె చెవికి ఏదీ ఎక్కలేదు. పొద్దున్నే లేచి కసువు ఊడ్చేది, బర్రెకు జొన్నసొప్ప వేసేది, సంగటి కెలికేది. ఆ సంగటి ఇద్దరికి సరిపడా ఉండేది. అది చూసి కూడా ఆమెకు ఏమీ అనిపించేది కాదు. మిగిలింది బర్రె ముందు పెట్టేది.

నారాయణ గురించి చెప్పాలంటే ముందు వాళ్ళ తాత తిమ్మయ్య గురించి చెప్పాలి. వెనకటి శతాబ్దంలో నాటకాలు రాసి, ఆడించి, తెరలూ కిరీటాలూ ఎద్దులబండ్ల మీద వేసుకొని కర్నూలు నుంచి కడప దాకా తిరిగిన మనిషి. ఇంత చేసినా ఒక్క పుస్తకమూ అచ్చు కాలేదు. ఆయన పోయాక మిగిలినవి చేతిరాత నాటకాలు, ఆయనకు వచ్చిన జాబులు, ఆయన కోపంలో రాసి పంపకుండా దాచుకున్న జాబులు. ఈ పంపని జాబులే మహా ఘాటు. ఆడవేషం వేసే ఆసామి మీసం తీయనని మొండికేస్తే, "నీ మీసాన్ని పెళ్ళాడడానికి మా నలమహారాజు సిద్ధంగా లేడు" అని రాశాడట. నారాయణ అరుగు మీద కూర్చుని అవి చదువుతుంటే జనం పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్ళు.

సుబ్బరత్నమ్మ లోపల రోలు దగ్గర కూర్చుని వినేది. ఆమెకు చదువు రాదు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆ కాగితాలంటే ఒళ్ళు మండేది. చేని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న మనిషి ముందు పెళ్ళాన్ని పలకరించాలా, కాగితాలనా? నారాయణ కాగితాలనే పలకరించేవాడు. పోనుపోను ఆమెకూ అలవాటైపోయింది.

నారాయణకు జీవితంలో ఒకే కోరిక. ఆ కాగితాలు చదువుకున్నవాడి చేతిలో పడాలి, తాత పేరు అచ్చులో కనపడాలి. ఎవరెవరికో రాశాడు. జవాబు ఇచ్చిన పుణ్యాత్ముడు లేడు. చివరికి కడపలో తెలుగు పాఠాలు చెప్పే ఆనందం అనే పంతులు, వచ్చి చూస్తానని జవాబు రాసేసరికి నారాయణ మంచం పట్టాడు.

"నేనుంటే నేనిస్తా. ల్యాకుంటే నువ్వియ్యి. ఆయప్ప చేతికే ఇయ్యాల" అని భార్య చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

ఇక ఆ కాగితాలు ఎక్కడ ఉన్నాయో చెప్పాలి. కరువు పడిన ఏడు అటక మీది పెట్టెకు చెదలు పట్టి ఒక నాటకాన్ని మొదటి నుంచి చివరిదాకా తినేశాయి. నారాయణ తిండి మానేసి కూర్చున్నాడు. ఆ మొహం చూడలేక సుబ్బరత్నమ్మే ఉపాయం చేసింది. పాత నాటకం తెర చించి సంచి కుట్టి, మిగిలిన కాగితాలన్నీ అందులో పేర్చి, పైన కాస్త దూది పరిచి తలదిండు చేసేసింది. "దినామూ మనిషి తల ఆనించేదానికి చెదలు యాడ పడతాయి?" అంది. నారాయణకు ఆ ఉపాయం తెగ నచ్చింది. దాని మీదే నిద్రపోయాడు, దాని మీదే జబ్బుపడి మూలిగాడు, దాని మీదే పోయాడు.

ఆ ఊళ్ళో ఆచారం ఒకటుంది. పోయిన మనిషి పక్కబట్టలు శవంతో పాటే బొందలగడ్డకు పోయి, అక్కడి కంపల్లో పడాలి. అక్కడికి పోయింది ఏదైనా సరే మళ్ళీ ఇంటి గడప ఎక్కకూడదు. పక్క చుట్టేటప్పుడు ఎవరో అడిగారు కూడా, "తీసేటివి ఏమన్నా ఉండాయా రత్నమ్మా?" అని. ఆమె ఏమీ లేవన్నట్టు తల ఊపింది. ఆ దిండులో ఏముందో కాదు, ఆ పొద్దు ఈ లోకంలో ఏముందో కూడా ఆమెకు గుర్తులేదు.

ఆనందం పంతులు బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. "అమ్మా, ఆ కాగితాలు ఒకసారి చూపిస్తారా?" అని అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది. లోటా అందుకోబోయిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఇంకొకరైతే గుండెలు బాదుకునేవాళ్ళు. సుబ్బరత్నమ్మ మాత్రం ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు, "నా చేతులారా పోగొట్టినా సామీ" అని జరిగినదంతా చెప్పింది. చెప్పి, కొంగు కప్పుకొని, వీధిలోకి నడిచింది.

మొగుడు పోయిన ఆడది ఏడాది దాకా ఊళ్ళో తిరగకూడదు. బొందలగడ్డకైతే ఆడది అసలే పోకూడదు. ఆమె పట్టపగలు రెండూ చేసింది. గొడుగు పట్టుకొని వెనకాలే పంతులు. వాకిళ్ళలో వాళ్ళు నోళ్ళు తెరుచుకొని చూశారు.

నారాయణను పూడ్చిన చోట మట్టి అప్పుడే ఎండి నెర్రెలిచ్చింది. సుబ్బరత్నమ్మ ఆ మట్టిని చూసింది గానీ ఏడుపు రాలేదు. కంపచెట్ల కింద చిరిగిన చాప కనపడింది. దిండు లేదు.

గుంతలు తీసే ఏసేపు దూరం నుంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. "ఏం దేవులాడుతాండావమ్మా?"

"దిండు ఏసేపూ. ఆయప్ప తలకింది దిండు."

ఏసేపు మొహం చిన్నబోయింది. "నేను దొంగిలీల్యామ్మా. బరువుగా ఉండాదని కుట్టు ఇప్పి సూస్తి. లోపలంతా రాత. మా గుడిలో అయ్యగారు రాత సూసుకోనే కదా ప్రార్థన సేసేది. రాతను కంపల్లో పారేసేకి మనసొప్పల్యా. మీకు తెచ్చిద్దామంటే, ఈడికొచ్చింది ఇల్లెక్కకూడదంటిరి. ఎట్ల సేసేది? మా గుడిసె దూలానికి కట్టి పెట్టినా."

ఇంటికి తీసుకుపోకూడదు కాబట్టి ఏసేపు దాన్ని వాళ్ళ పేటలో చర్చి వసారాలోకి తెచ్చాడు. పంతులు కూర్చుని మిగిలిన కుట్లు విప్పాడు. నాటకాలు, జాబులు, పంపని జాబులు, అన్నీ ఉన్నాయి. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇచ్చిన మాట దక్కిందని సుబ్బరత్నమ్మ అనుకుంది. అంతకు మించి ఆమెకు సంతోషమేమీ కలగలేదు.

"ఈ పైవి మాత్రం పనికిరావమ్మా" అన్నాడు పంతులు. "నూనె దిగింది. అక్షరం కనపడటం లేదు. పక్కన పెట్టేస్తా."

ఆమె వంగి చూసింది. ఒకదానికొకటి అంటుకుపోయిన కాగితాల మధ్య తలంత గుండ్రటి మరక. జ్వరం నెత్తికెక్కినప్పుడల్లా నారాయణ నడినెత్తిన ఆమె అద్దిన ఆముదం అది. దూదిలోంచి దిగి కాగితాలకు పట్టింది.

"సదివేటివన్నీ మీరు తీసకపోండి సామీ" అంది. "అవి నాకియ్యండి."

"వీటిలో చదవడానికి ఏమీ లేదమ్మా."

"నాకు సదవను యాడొస్తాది?"

పంతులు ఇచ్చాడు. సుబ్బరత్నమ్మ ఆ కాగితాలను మొహానికి ఆనించుకుంది. ఆముదమూ, చెమటా కలిసిన ఆ వాసన ఇంకా ఉంది. ఆమె గొంతులోంచి నెల నాటి ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. పేటలో వాళ్ళంతా చూస్తుండగా చర్చి వసారాలో కూలబడి, "నారాయణా, నారాయణా" అని ఏడ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి మొగుడి పేరు ఆమె నోట రావడం అదే మొదలు.